ఉత్తర సముద్రమున తిరుగలి చేప



ఊరిలోనికి క్రొత్త మనిషి వచ్చినయెడల రచ్చబండమీది పెద్దలు మొట్టమొదట అడుగు ప్రశ్నలు మూడు. ఎవరు? ఎక్కడినుండి? ఏమి పనిమీద? ఈ మూడు ప్రశ్నలకును సరియైన సమాధానము దొరకువరకు వారు ఆ వచ్చినవానిని మంచివాడనియు అనరు, చెడ్డవాడనియు అనరు. సముద్రములోనికి వచ్చిన క్రొత్త చేపను గూర్చియు ఈ మూడు ప్రశ్నలే అడుగవలసియున్నవి. భూగోళమునకు ఉత్తరభాగమున, మంచుకొండల నీడను ఉండెడి చల్లని సముద్రమున, వెచ్చని నీటి చేప యొకటి కనబడినది. దానిని చూచి కొందరు వింతపడిరి, కొందరు భయపడిరి, కొందరు నవ్వి ఊరకుండిరి. ఆ చేప ఎట్టిదో, దాని రాకకు కారణమేమో, దాని వెనుక ఏమి సంభవించినదో నేడు మీకు మనవి చేసెదను.

మొదటి ప్రశ్న, ఎవరు? ఈ చేపను ఆంగ్లేయులు సన్ ఫిష్, అనగా సూర్యమత్స్యము, అందురు. నీటిపై ప్రక్కకు ఒరిగి పరుండి ఎండ కాగుచుండుటచే ఆ పేరు వచ్చినది. ఫ్రెంచివారును, జర్మనులును, స్పెయిను దేశస్థులును దీనిని చంద్రమత్స్యమనుచున్నారు. గుండ్రముగ, తెల్లగ ఉండుటచే వారికి చంద్రబింబము తోచినది కాబోలు. పోలెండువారు దీనిని వట్టి తల యను అర్థమువచ్చు పేరుతో పిలుతురు. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడగు లినేయస్ 1758 లో దీనికి మోలా యని పేరు పెట్టెను. లాటిను భాషలో మోలా యనగా తిరుగలిరాయి. కనుక ఈ ప్రసంగమున మనము దానిని తిరుగలి చేప యని పిలుచుకొందము.

దాని యాకారము చూచినవారు మరువజాలరు. చేపయనిన మనకు తల, నడుము, తోక యను మూడుభాగములు మనసునకు వచ్చును. దీనికి తోక లేదు. పెద్దచేప నొకదానిని నడుమున నరికి, వెనుకభాగమును తీసివైచి, తెగిన చోట ఒక మడతను కుట్టినట్లుండును. మీదనొకటి, క్రిందనొకటి పొడవైన రెక్కలుండును. ఆ రెండింటిని ఒక్కసారిగ అటునిటు ఊపుచు అది ఈదును. నోరు చిన్నది. పండ్లు కలిసి చిలుకముక్కువలె ఉండును. పొట్టను బుడగవలె ఉబ్బించుకొను చేపలు కొన్ని మన తీరమునను కలవు గదా. ఇది వానికి చుట్టము.

చుట్టరికమెట్లున్నను పరిమాణమున పోలిక లేదు. ఎముకగల చేపలలో ఇంత బరువైన కుటుంబము మఱియొకటి లేదు. ఈ కుటుంబమునకే చెందిన యొక చేప 1996 లో జపాను దేశపు కమొగావా తీరమున పట్టువడెను. దాని బరువు 2,300 కిలోలు. 2021 డిసెంబరులో అట్లాంటిక్ సముద్రమందలి అజోరు దీవులకడ చచ్చి తేలిన దాని బరువు 2,744 కిలోలు, పొడవు 3 మీటర్లకు పైగా. అనగా మూడు నాలుగు పెద్ద ఎనుబోతులను కలిపి తూచినంత బరువు. ఇంతటి శరీరము గ్రుడ్డునుండి వెలువడునప్పుడు ఆవగింజయంత మాత్రమే. ఒక ఆడచేప కోట్లకొలది గ్రుడ్లను మోయును. అందు పెద్దవై బ్రతుకునవి మిక్కిలి కొద్ది.

రెండవ ప్రశ్న, ఎక్కడినుండి? తిరుగలి చేప ఉష్ణమండలపు సముద్రములందును, సమశీతోష్ణమండలపు సముద్రములందును తిరుగును. మన బంగాళాఖాతమునందును, అరేబియా సముద్రమునందును అరుదుగ వలలబడుచుండును. దాని యాహారములో ముఖ్యమైనవి జెల్లీ చేపలు మొదలగు మెత్తని, నీటిముద్దవంటి ప్రాణులు. అవి అనేకము సముద్రపు లోతులలో నుండును. లోతునకు పోయినకొలది నీరు చల్లబడును. ఇచ్చటనే ఈ చేప బ్రతుకులోని చిక్కు కలదు. అన్నము చలిలో నున్నది. ఒడలు మాత్రము వెచ్చదనమును కోరును.

ఈ చిక్కును అది ఎట్లు తీర్చుకొనుచున్నదో జపాను దేశపు పరిశోధకులు కనుగొని 2015 లో ప్రకటించిరి. వారు చేపల వీపున చిన్న పరికరములను కట్టి విడిచిరి. ఆ పరికరములు లోతును, నీటి వేడిమిని, చేప యొడలి వేడిమిని వ్రాసికొనినవి. చేప 100 మొదలు 200 మీటర్ల లోతునకు దిగి అచ్చటి చల్లని నీటిలో మేయును. ఒడలు చల్లబడినంతనే మీదికి వచ్చి వెచ్చని నీటిలో కొంతతడవు నిలుచును. మరల వేడి పుంజుకొని మరల దిగును. చలికాలమున పొలమునకు పోయి తడిసిన రైతు మధ్య మధ్య గట్టున నెగడు కాచుకొని మరల పనికి దిగునట్లే యిది. పూర్వులు దీనిని సోమరి చేప యనిరి. తేలిపరుండిన దానిని మాత్రమే వారు చూచిరి; దిగి కష్టపడునప్పుడు చూచుటకు వారికి సాధనము లేకుండెను.

అది ప్రక్కకు ఒరిగి పరుండుటకు ఇంకొక ప్రయోజనము కూడ కలదు. దాని చర్మముమీదను, లోపలను పురుగులు విస్తారము. నీటిపై తేలునప్పుడు సముద్రపక్షులు వచ్చి ఆ పురుగులను పొడుచుకొని తినుట జపాను సముద్రప్రాంతమున కన్నులార చూచి వ్రాసినవారు కలరు. గేదె వీపున కొంగ వ్రాలినట్లని మనకు తోచును.

ఇందువలన నొక సంగతి స్పష్టమగుచున్నది. తిరుగలి చేప చల్లని నీటిలో కొంతసేపు నిలువగలదు. కాని మీద వెచ్చని నీరు లేనిచోట అది బహుకాలము బ్రతుకజాలదు. దిగినదానికి ఎక్కి కాగుటకు నెగడు ఉండవలెను. కనుక అది యొకచోట తిరుగాడుచున్నదనిన అచ్చటి పైనీరు కొంత వెచ్చగ ఉన్నదని అర్థము.

ఉత్తర సముద్రములకు అది వచ్చుట పూర్తిగ క్రొత్త కాదు. ఇంగ్లండు నైరుతి కొనయగు కార్న్‌వాల్ తీరమునను, ఐర్లండు దక్షిణ పశ్చిమ తీరములందును వేసవి నెలలలో అది కనబడుట అక్కడి పల్లెకారులకు తెలిసినదే. దాని మీదిరెక్క నీటిపైకి లేచి ఊగుచుండగా సొరచేప వచ్చినదని స్నానము చేయువారు పరుగులెత్తుటయు కలదు. వేసవి గడచి నీరు చల్లబడగా అది దక్షిణమునకు మరలిపోవును. దారితప్పి మరలిపోలేనివి చలికి చచ్చి హాలెండు, నార్వే మొదలగు దేశముల తీరములకు కొట్టుకొనివచ్చును. వేసవికి వచ్చి శీతకాలమునకు పోవు చుట్టమును గూర్చి ఎవరును కంగారుపడరు. చుట్టము తాను ఎన్నడును రాని యింటికి, రాని కాలమున వచ్చినపుడే ఏమి సమాచారమని అడుగవలెను.

అట్టి రాక 2015 లో సంభవించినది. అమెరికా ఖండమునకు వాయవ్యమున అలాస్కా యను చలిదేశము కలదు. దాని దక్షిణమున అలాస్కా సింధుశాఖ యున్నది. అది మంచునదులు వచ్చి పడు సముద్రము. సాల్మను చేపకును, కాడ్ చేపకును ప్రసిద్ధికెక్కినది. ఆ జలములలో 2015 లో చేపల లెక్కకై తిరుగుచున్న శాస్త్రజ్ఞులకును, పల్లెకారులకును తిరుగలి చేపలు కనబడెను. ఆ సంవత్సరములలోనే వెచ్చని నీటి ట్యూనా జాతి చేపలును అచ్చట వలలబడెను. అక్కడి ముసలి పల్లెకారులకు సహితము ఇవి వింతయే.

ఇక మూడవ ప్రశ్న, ఏమి పనిమీద? చేప తనంతట తాను పని కల్పించుకొని రాదు. నీరు పిలిచినచోటికి పోవును. 2013 వ సంవత్సరాంతమున ఉత్తర పసిఫిక్ సముద్రముపై వాయుమండలమున అధికపీడన మొకటి ఏర్పడి కదలక నిలిచినది. సామాన్యముగ శీతకాలమున అచ్చట గాలివానలు చెలరేగును. ఆ గాలులు సముద్రమును చిలికి అడుగుననున్న చల్లని నీటిని పైకి తెచ్చును. పైనీటి వేడిని ఆకాశమునకు కొనిపోవును. ఆ యేట గాలులు మందగించెను. చిలుకుట తగ్గినది. వేడి పోవలసిన దారిన పోక నీటిలోనే నిలిచినది. కుండలోని పాలను గరిటెతో త్రిప్పకున్న మీద మీగడ కట్టునట్లు సముద్రముపై వెచ్చని నీరు మందముగ పేరుకొనినది. కొన్నిచోట్ల ఆ నీటి వేడిమి మామూలుకంటె సుమారు 3 డిగ్రీలు హెచ్చెను.

మూడు డిగ్రీలనిన మనకు అల్పముగ తోచవచ్చును. ఉదయమునకును మధ్యాహ్నమునకును మన యూర అంతకంటె నాలుగురెట్లు భేదముండును. కాని సముద్రము గాలివంటిది కాదు. దానిని వేడిచేయుట మిక్కిలి కష్టము. వేడెక్కినదానిని చల్లార్చుటయు అంతే కష్టము. మనుష్యుని యొడలు మూడు డిగ్రీలు హెచ్చిన దానిని మనము తీవ్రజ్వరమందుము గదా. సముద్రమునకు వచ్చిన యట్టి జ్వరమునకు వాషింగ్టను రాష్ట్రపు వాతావరణ శాస్త్రజ్ఞుడు నిక్ బాండ్ 2014 లో బ్లాబ్ అని పేరిడెను. ఆ మాటకు ముద్ద యని అర్థము. 2015, 2016 సంవత్సరములలో ఎల్ నినో యను వేరొక వేడిమియు దానితో కలిసినది. వెచ్చని నీరు 2016 వరకు ఆ ప్రాంతములను బాధించినది.

ఇందు వెనుకనున్న పెద్ద కారణమును కూడ చెప్పవలెను. బొగ్గును, నూనెను కాల్చుటవలన వాతావరణమున చేరిన పొగవాయువులు భూమి వేడిని బయటికి పోనీయక పట్టుచున్నవి. అట్లు నిలిచిన వేడిలో నూటికి 90 పాళ్లకు పైగా సముద్రములే మ్రింగుచున్నవి. కావున గాలులు మందగించుట పూర్వమును జరిగియుండవచ్చునుగాని, నేడు అవి మందగించినపుడు సముద్రము ముందే కొంత వేడెక్కి యున్నది. జ్వరము తగిలిన యొడలికి ఎండదెబ్బ తగిలినట్లగుచున్నది.

ఇపుడు ఆ తిరుగలి చేప వచ్చిన యింటివారి సంగతి వినుడు. అలాస్కా సింధుశాఖలోని కాడ్ చేప చల్లని నీటికి పుట్టినది. దాని గ్రుడ్లు సముద్రపు టడుగున సుమారు 3 మొదలు 6 డిగ్రీల చలిలో బాగుగ పొదుగును. నీరు వెచ్చనైనంతనే పొదుగు గ్రుడ్లు తగ్గెను. పెద్దచేపల కింకొక కష్టము. చేప యొడలు నీటితోపాటు వేడెక్కును. వేడెక్కినకొలది ఆకలి హెచ్చును. అదే సమయమున వాని కాహారమగు చిన్న ప్రాణులు తగ్గెను. ఆకలి పెరిగి అన్నము తగ్గిన యింట ఏమగునో మీకు చెప్పనక్కరలేదు. 2017 లో లెక్క తీయగా 2015 లో ఉన్నదానిలో నూటికి 30 పాళ్లైనను లేకపోయెను. 2018 కి పట్టుటకు అనుమతించిన పరిమితిని నూటికి 80 పాళ్లు తగ్గించిరి. అదియు చాలక 2020 లో ఆ సింధుశాఖలోని సమాఖ్య ప్రభుత్వపు జలములందు కాడ్ చేపల వేటనే మూసివేసిరి. పడవ కొనుటకు అప్పుచేసినవాడును, వల అల్లినవాడును, చేపను శుభ్రముచేయు కర్మాగారమున కూలికి పోవు స్త్రీయు ఒకే పడవలో చిక్కుకొనిరి.

పక్షులకును అదే గతి పట్టెను. మర్ అను సముద్రపక్షి చిన్నచేపలను తిని బ్రతుకును. 2015, 2016 సంవత్సరములలో కాలిఫోర్నియా మొదలు అలాస్కా వరకు తీరమున లెక్కకు దొరికిన మర్ పక్షుల కళేబరములే 62,000. తీరమునకు చేరక సముద్రముననే పోయినవి ఇంకను హెచ్చు. 2024 లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము అలాస్కాలో సుమారు 40 లక్షల పక్షులు, అనగా అచ్చటి వానిలో సగము, నశించెను. పురుగుమందు చల్లినవారెవరును లేరు. ఆకలియే వానిని చంపినది.

పెద్దలారా, ఇచ్చట కాలము ననుసరించి మరల యొకసారి చూడుడు. తిరుగలి చేప కనబడినది 2015 లో. కాడ్ చేప నష్టము లెక్కకు దొరికినది 2017 లో. వేట మూతపడినది 2020 లో. చుట్టము ముందు వచ్చినది. కష్టము వెనుక వచ్చినది. అయినచో ఆ చేపను చూచిన దినముననే కాడ్ చేపకు ముప్పు వచ్చుననుట న్యాయమా? కాదు. ఒక్క చేపను చూచి జోస్యము చెప్పరాదు. చేప దారితప్పి రావచ్చును, ప్రవాహము కొట్టుకొనిరావచ్చును, ఆహారమును వెదకుచు రావచ్చును. కాని వింతచేపలు పలువురకు కనబడి, నీటిలో వేసిన ఉష్ణమాపకముకూడ అదే మాట చెప్పినపుడు ఆ రెండు సాక్ష్యములను కలిపి వినవలెను. ఒక సాక్షి మాటమీద తీర్పు చెప్పని పెద్దలు, ఇద్దరు వేర్వేరు సాక్షులు ఒకే మాట చెప్పినపుడు త్రోసిపుచ్చరు గదా.

తొందరపడి తీర్పు చెప్పరాదనుటకు ఇంకొక నిదర్శనము. 2019 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా సమీపమున కోల్ ఆయిల్ పాయింట్ అను తీరమున ఏడడుగుల తిరుగలి చేప యొకటి కొట్టుకొనివచ్చినది. అందరును అది సాధారణపు తిరుగలి చేపయే యనుకొనిరి. చిత్రములను చూచినవారిలో కొందరికి సందేహము కలిగినది. ఆ చిత్రములు దక్షిణార్ధగోళమున నున్న మేరియన్ నీగార్డ్ అను పరిశోధకురాలికి చేరెను. ఆమెయు, ఆమె సహచరులును 2017 లో తిరుగలి చేపలలో నొక క్రొత్త జాతిని గుర్తించి దానికి మోలా టెక్టా యని పేరు పెట్టియుండిరి. టెక్టా యనగా దాగినదని యర్థము. అంతకాలము సాధారణపు జాతిలో కలిసి మానవుల కన్నుగప్పి తిరిగినదగుటచే ఆ పేరు తగినది. ఆమె వెంటనే ఔననలేదు. వెనుకమడత యంచును, మూతిని, ఒడలిమీది పొలుసును ఇంకను స్పష్టముగ చిత్రములు తీసి పంపుడని కోరెను. అక్కడివారు మరల పోయి తీసి పంపిరి. అది ఆ దాగిన జాతియే యని తేలినది.

ఈ దాగిన జాతి న్యూజిలాండు, ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికా దేశముల చల్లని సముద్రములకు చెందినది. వెచ్చని నీటి చేప కాదు. 1889 లో హాలెండు తీరమునకు కొట్టుకొనివచ్చి, వస్తుప్రదర్శనశాలలో భద్రపరుపబడిన చేప యొకటియు ఈ జాతిదేయని తరువాత తెలిసినది. 2024 జూనులో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రపు గేర్‌హార్ట్ తీరమున కనబడినదియు ఇదే. చూపునకు రెండు జాతులును ఒకటే. సాధారణపు జాతియైనచో నీటి వెచ్చదనమును గూర్చి ఆలోచింపవలెను. దాగిన జాతియైనచో ఆ మాట ఆ చేపకు వర్తింపదు. చూచుట యొకటి, గుర్తించుట మఱియొకటి. 1889 నాటి చేప దేహమును దాచినవారు, తమకు తెలియని ప్రశ్నకు నూరేండ్ల తరువాత పుట్టినవారికి సమాధానము దాచిపెట్టిరి.

దాచుటయనిన మన తీరపు సంగతి యొకటి జ్ఞాపకమునకు తేవలెను. ప్యాట్రిక్ రసెల్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 18 వ శతాబ్దపు చివర విశాఖపట్టణమున నుండెను. అక్కడి పల్లెకారులు తెచ్చిన చేపలను పరీక్షించి, బొమ్మలు వ్రాయించి, 200 చేపలను వర్ణించు గ్రంథమును 1803 లో లండనులో అచ్చువేయించెను. ఆ చేపలకు మన పల్లెకారులు పలికిన పేర్లనే అందు వ్రాసెను. వానిలో కానగుర్త యొకటి. ఫ్రాన్సు దేశపు పండితుడు కువియే 1816 లో ఆ చేపకు శాస్త్రనామము పెట్టునపుడు ఆ తెలుగు మాటనే గ్రహించెను. నేటికిని లోకమందలి శాస్త్రగ్రంథములన్నిటను ఆ చేప కానగుర్త నామముతోనే యున్నది. అక్షరజ్ఞానములేని యొక పల్లెకారుని నోటిమాటను ఒకడు శ్రద్ధతో వ్రాసికొనుటవలన ఇంతటి స్థిరత్వము కలిగినది. అంతకంటె ముఖ్యమైనది, రెండువందల యేండ్లక్రిందట విశాఖ తీరమున ఏయే చేపలుండెనో నేడు తెలిసికొనుటకు మనకొక ఆధారమున్నది.

మన సముద్రమునకును ఈ చలనము తప్పలేదు. నూనె కవళ్లు అను చేపలు పూర్వము ముఖ్యముగ మలబారు తీరపు సంపద. 1980 ప్రాంతముల తరువాత అవి తూర్పుతీరమున తమిళదేశమునను, ఆంధ్రతీరమునను విస్తారముగ పడసాగెను; ఇంకను ఉత్తరమునకు ప్రాకెను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సముద్రజలము వెచ్చనగుట ఇందుకొక కారణమని వ్రాసిరి. ఒకవంక మన వలలలో క్రొత్త చేప పడుచుండగా, దాని పుట్టినింట ఏమి జరిగినది? కేరళలో 2012 లో సుమారు 4 లక్షల టన్నుల కవళ్లు పట్టిరి. 2021 లో దొరికినది సుమారు 3,300 టన్నులు మాత్రమే. ఎల్ నినోయు, ఆహారపు కొరతయు, మితిమీరిన వేటయు, పలుకారణములు ఇందు కలిసినవి. ఒక్క వేడిమినే దోషిగ నిలుపరాదు. కాని ఒక తీరమున క్రొత్త లాభము కనబడినపుడు, ఇంకొక తీరమున ఎవరి కుండ ఖాళీయైనదో విచారించుట ధర్మము. అట్లే, నేడు మనకు వచ్చినది రేపు మననుండి పోవచ్చునని తలచుట వివేకము.

ఇంతకును ఈ విషయమును సముద్రమునకు దూరముననుండు గ్రామముల పెద్దలకు చెప్పుట ఎందుకని మీరడుగవచ్చును. కారణము లేకపోలేదు. సముద్రపు వేడిమి సముద్రముననే యుండిపోదు. మన వానకాలము సముద్రమునుండియే వచ్చును. తుపానులకు బలము వెచ్చని నీటినుండియే లభించును. అదిగాక, చేపకు వర్తించిన న్యాయము పక్షికిని, పురుగునకును, చెట్టునకును వర్తించును. ఏ చెట్టు ఎన్నడు పూచెడిదో, ఏ పక్షి ఏ కార్తెలో చెరువునకు వచ్చెడిదో, ఏ తెగులు మీ చిన్ననాట పొలమున లేకుండెనో మీకు తెలిసినట్లు ఏ పరికరమునకును తెలియదు. పరికరములు నిన్న మొన్న పెట్టినవి. మీ జ్ఞాపకము డెబ్బదియేండ్లది. మీ తండ్రులు చెప్పినది కలుపుకొన్న నూరేండ్లది.

అయితే జ్ఞాపకమునకొక దోషము కలదు. అది మనిషితోపాటు పోవును. పోకముందే కొంత మారును. పూర్వము చేపలు ఎక్కువయని ప్రతి తరమువారును అందురు. ఎంత యెక్కువయో వ్రాసినవారు లేకున్న ఆ మాట నిట్టూర్పుగ మిగులునుగాని సాక్ష్యము కాజాలదు. కావున మీకు నాదొక మనవి. ఇంట నున్న మనుమని పాతనోటు పుస్తకము చాలును. క్రొత్త ప్రాణి కనబడినను, తెలిసిన ప్రాణి కనబడుట మానినను, తేదీ వ్రాయుడు. ఊరును, చోటును వ్రాయుడు. ఎంత పెద్దదో, ఎన్ని యుండెనో, చూచినవారెవరో వ్రాయుడు. మన యూర దానిని ఏ పేరుతో పిలుతురో తప్పక వ్రాయుడు. కారణము వ్రాయుటకు తొందరపడవలదు. తీరగ్రామములవారైనచో చిత్రము తీసి మత్స్యశాఖవారికి చూపుడు. పిల్లవాడు వింతచేపను చూచితినని పరుగెత్తివచ్చినపుడు వానిని కసరక, రెక్క ఎట్లుండెను, తోక యుండెనా యని అడుగుడు.

అలాస్కాలో తిరుగలి చేపను చూచినవారు దానిని వ్రాసిపెట్టిరి. ఆ వ్రాత కాడ్ చేపలను కాపాడలేదు, నిజమే. కాని కాపాడవలసినది ఏదియో, ముప్పు ఎటునుండి వచ్చినదో తెలిసికొనుటకు అది తోడ్పడినది. ఆ సముద్రమున వేడిమి మరల హెచ్చినపుడు అచ్చటివారు ఇంతకుముందువలె లెక్కకొరకు రెండేండ్లు వేచియుండరు. నీటి వేడిమిని చూచియే వేటను గూర్చి ఆలోచింతురు. పొరుగువాని యింట జరిగిన నష్టమునుండి నేర్చుకొనినవాడు సగము ఖర్చుతో విద్య సంపాదించినవాడని మన పెద్దల యభిప్రాయము. ఆ సముద్రము దూరమైనను పొరుగే. నీరంతయు ఒక్కటియే గదా.